మోకు పుండు

గోడ గడియారంలో నాలుగు దాటి రెండు నిమిషాలైంది. ఐదింటికి నర్సు వచ్చి మా ఆయన చంకలో థర్మామీటరు పెడుతుంది. అప్పటికి జ్వరం నూటొకటి లోపుకు దిగితే ఇక్కడే, ఈ జగిత్యాల ఆసుపత్రిలోనే, ఈ మంచం మీదే ఉంటాడు. దిగకపోతే హైదరాబాదు. హైదరాబాదంటే ఏమిటో డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. పదకొండేళ్ళుగా ఆశా కార్యకర్తగా చేస్తున్న దాన్ని, నాకు ఒకరు చెప్పాలా, మా బీర్పూర్ నుంచి నేనే నలుగురిని అట్లా అంబులెన్సు ఎక్కించాను, అందులో ఇద్దరు తిరిగొచ్చారు. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే కింద స్కూటర్లు పెట్టేచోట ఆయన కోసం ఒక అంబులెన్సు తయారుగా నిలబడి ఉంది. డ్రైవరు దాని బానెట్ మీద గ్లాసు పెట్టుకొని చాయ్ తాగుతున్నాడు, తాపీగా, తన ఇంటి అరుగు మీద తాగినట్టు. తాగనీ, వాడు మాత్రం ఏం చేస్తాడు. మంచం మీద ఆయన కళ్ళు మూసుకొని ఉన్నాడు, పిలిస్తే పలకడు. నిన్న మధ్యాహ్నం నుంచి నన్ను గుర్తుపట్టడమే లేదు. "ఓ చెల్లె, జర పక్కకు జరుగు, లొట్టి మీద పడ్తది" అన్నాడు నన్ను పట్టుకొని. లొట్టి అంటే కల్లు కుండ, ఇంకా తాటిచెట్టు మీదే ఉన్నాననుకుంటున్నాడు. చెల్లె అట! ఇరవై మూడేళ్ళు కాపురం చేసి, ఒక బిడ్డను కని, ఆ బిడ్డకు కోరుట్లలో పెళ్ళి కూడా చేసి, చివరికి గంగారాంకు నేను చెల్లెనయ్యాను. నవ్వొచ్చింది నాకు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను. పక్క మంచం ముసలాయన బిత్తరపోయి చూశాడు.

ఇదంతా ఒక పిడుదు చేసిందట. పిడుదు! కుక్క చెవి మడతలో, బర్రె తోక కింద కంది గింజలా ఉబ్బి వేలాడే పిడుదు. చిన్నప్పుడు గంభీరావుపేటలో మా అవ్వగారింట బర్రెకు పిడుదులు ఏరడం నా పని. ఏరి ఏరి చిప్పలో కిరసనాయిల్లో వేసేదాన్ని, కొన్నిటిని బొటనవేలి గోటితో టప్పున నలిపేదాన్ని కూడా, ఆ చప్పుడు నాకు బాగుండేది. అట్లా నలపడమే తప్పని, ఆ నెత్తురు చేతి మీది గీరుల్లోంచి, కంట్లోంచి కూడా ఒంట్లోకి పోవచ్చని నిన్న డాక్టర్ ఉమారాణి చెబుతుంటే నా గోరు వంక నేనే చూసుకున్నాను. ఎన్ని వందలు నలిపి ఉంటాను. నాకేమీ కాలేదు. ఆయన జన్మలో ఒక్క పిడుదును నలిపిన మనిషి కాదు, ఆయనకొచ్చింది. ఇందులో న్యాయం వెతకడం దండగ. పిడుదు కుడితే నొప్పి తెలియదట, తెలియనీయని మందు దాని ఉమ్మిలోనే ఉంటుందట, మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే అది పట్టుకొని గంటలకు గంటలు తాగి తన దారిన తాను రాలిపోతుందట, ఆ తాగడంలోనే ఉమ్మితోపాటు జ్వరం పురుగును నెత్తుట్లోకి వదులుతుందట. మచ్చల జ్వరం అంటారట దాన్ని. పదకొండేళ్ళలో నేను మలేరియా విన్నాను, డెంగీ విన్నాను, చికున్‌గున్యా విన్నాను. ఈ పేరు ఏ మీటింగులోనూ నా చెవిన పడలేదు. పడినా ఇంటికి పోయే బస్సు ధ్యాసలో నేనే వినలేదేమో, అదీ అయి ఉండొచ్చు.

నేను నమ్మడం లేదని తెలిసి డాక్టరమ్మ తన ఫోనులో ఒక వీడియో చూపించింది. ఒక గడ్డిపోచ, అంతే. దాని కొసన నువ్వు గింజంత పిడుదు. వెనక కాళ్ళతో పోచను పట్టుకొని, ముందు కాళ్ళు రెండూ గాలిలోకి చాచి నిలబడి ఉంది. కదలదు. వీడియో ఆగిపోయిందేమో అనుకున్నాను, లేదు, వెనక గడ్డి గాలికి ఊగుతూనే ఉంది. ఇది ఏం చేస్తుంది మేడం అంటే, "ఎదురుచూస్తున్నది" అంది. "మన ఊపిరి దానికి తెలుస్తది. ఒంటి వేడి తెలుస్తది. ఎవ్వలన్న తగిలితె పట్టుకుంటది, తగలకపోతె కిందికి దిగి తడి పట్టుకొని మల్ల ఎక్కుతది." ఎన్ని రోజులని అడిగాను. రోజులు కాదట, నెలలట, ఏమీ తినకుండా. బతుకు మొత్తానికి మూడుసార్లే తింటుందట, పిల్లప్పుడొకసారి, ఎదిగేటప్పుడొకసారి, ఎదిగాక ఒకసారి. మూడు భోజనాల బతుకు! దానికోసం అంత సేపు చేతులు చాచి నిలబడటం! నాకు ఒళ్ళు జలదరించింది, భయంతో కాదు. ఏమని చెప్పను, బోనం ఎత్తుకున్నప్పుడు డప్పు దగ్గరికొస్తే అవుతుందే, అట్లా. నా మొగుణ్ణి మంచాన పడేసిన దాన్ని నోరారా తిట్టాల్సింది పోయి దండం పెట్టబుద్ధయింది. సిగ్గులేని దాన్ని.

ఎక్కడం అంటే ఆయన తర్వాతే ఎవరైనా అనుకునేదాన్ని. పెళ్ళైన కొత్తలో ఒక పొద్దున అన్నం తీసుకొని తాటివనానికి పోయాను, ఎంత వెతికినా మనిషి లేడు, పేరు పెట్టి పిలవడానికి సిగ్గు. అప్పుడు పైనుంచి దగ్గు వినిపించింది. తలెత్తితే, అంత ఎత్తున, ఆకాశానికీ మట్టలకూ మధ్య ఒక మనిషి వెనక్కి వాలి కూర్చొని ఉన్నాడు, కుర్చీలో కూర్చున్నట్టు. కుర్చీ లేదు. నడుము వెనకనుంచి చెట్టు చుట్టూ వేసిన మోకు, నారతో పేనిన లావుపాటి తాడు, అదొక్కటే ఆయన్ను పట్టుకొని ఉంది. రెండు చేతులూ వదిలేసి కత్తి నూరుకుంటున్నాడు. అన్నం గిన్నె పట్టుకొని ఎంతసేపు చూశానో, దిగొచ్చాక అన్నం చల్లబడిందని మా అత్త లస్మవ్వ కొడుకు ముందే నాకు గడ్డి పెట్టింది. గడ్డి పెడితే పెట్టింది. ఆ రోజు నుంచి ఆయన ఎక్కిన ప్రతిసారీ నా కడుపులో ఏదో ఎక్కేది, దిగిన ప్రతిసారీ దిగేది, ఇరవై మూడేళ్ళు. చెట్టు మీదినుంచి పడి పోతాడేమో అని ఎన్ని మొక్కులు మొక్కాను. చెట్టు కింది గడ్డి గురించి ఒక్క మొక్కూ మొక్కలేదు.

మోకు అంతా ఆ నడుము మీదే ఆడుతుంది. ఒరుసుకుపోయి, చెమటకు చీకిపోయి, ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో నడుము వెనక పుండవుతుంది. దాన్ని మోకు పుండు అంటాం. కల్లు గీత పనివాళ్ళ ఇంట్లో మోకు పుండు ఒక పుండు కిందికి రాదు, చేతికి కాయ కాయడం లాంటిది. మొగుడు సాయంత్రం వచ్చి బోర్లా పడుకుంటే పెళ్ళాం నూనె, పసుపు వేడిచేసి రాస్తుంది. అట్లా రాసే సమయంలోనే మాకు ఇంటి మాటలన్నీ అయ్యేవి. బిడ్డకు సంబంధం అట్లా కుదిరింది, ఇంటి మీద రేకులు అట్లా మారాయి. నా చేతి నూనెకు మూడో రోజుకు తోలు కట్టాల్సిందే, ఊరంతా తెలుసు, కొత్త కోడళ్ళు వచ్చి ఎట్లా కాచాలో నన్నే అడిగేవారు. నాకు ఆ గొప్ప ఉండేది, లేదని ఎందుకు చెప్పాలి. అందుకే పది రోజుల కింద ఎడమ పక్క నడుము మీద చిన్నదొకటి కనబడితే ఏమీ అనుకోలేదు. "మోకు తాకిందా?" అన్నాను. "ఊ" అన్నాడు. రాశాను. మూడో రోజుకు జ్వరం వచ్చింది. పుండును, జ్వరాన్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు తట్టలేదు, పిండికీ బూడిదకూ ఏం సంబంధం అన్నట్టే ఉన్నాను.

జ్వరం అంటే డెంగీయే కదా, నేనే కదా ఊరంతా తిరిగి చెప్పింది. కూలర్లలో నీళ్ళు పారబోయించాను, టైర్లు బోర్లించాను, నిలువ నీళ్ళు ఉంచినందుకు మా వార్డు మెంబరుతోనే లొల్లి పెట్టుకున్నాను. మా ఇంట్లో ఒక్క దోమ పిల్ల ఉంటే నా పేరు మార్చుకుంటా అన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను ఇల్లు, రచ్చ రెండూ గెలిచానని అనుకున్నాను. ఐదు రోజులు జ్వరం బిళ్ళలేసి, బొప్పాయి ఆకు రసం పోసి చూశాను. మూడో రోజుకు చేతుల మీద ఎర్రమచ్చలు వస్తే, చూశారా డెంగీయే అన్నాను, నేను చెప్పింది నిజమైనందుకు లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా, ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మొహాన నేనే ఉమ్ముకోవాలని ఉంది. మొన్న ఇక్కడికి తెచ్చేసరికి నెత్తుట్లో ప్లేట్‌లెట్ కణాలు పడిపోయాయి, డెంగీ పరీక్ష కార్డు మాత్రం డెంగీ లేదని చూపించింది. అప్పుడు డాక్టర్ ఉమారాణి అడిగింది, మంచిగా, నా వైపు తిరిగి అడిగింది. "ఒంటి మీద ఏడన్న పుండుగాని, పురుగు కుట్టిన జాడగాని ఉన్నదా అమ్మా?" నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "లేదు మేడం. నేను ఆశా వర్కర్ను. మొత్తం చూసిన" అన్నాను. ఆ 'మొత్తం' అనే మాట నా నోట్లోంచి ఎంత ధీమాగా వచ్చిందో. ఆమె రాసుకుంది. పుండు లేదు అని రాసుకుంది. ఆ రాత మీద ఒకటిన్నర రోజు పోయింది.

నాలుగూ పదిహేను. ఆయన ఊపిరి లెక్కపెడుతున్నాను, నిమిషానికి ఇరవై ఎనిమిది, పొద్దున ముప్పై రెండు. లేక పొద్దున నేనే తప్పు లెక్కపెట్టానో. మధ్యాహ్నం నుంచి నుదురు మాత్రం ముట్టలేదు. ముడితే తెలిసిపోతుంది. ఐదింటికి ఎట్లాగూ తెలిసేదాన్ని ముందే తెలుసుకొని ఏం చేస్తాను.

ఫోను మోగింది. గంగమ్మ, మా వెనక వాడ, భూమన్న భార్య. భూమన్న, ఈయన ఒకే వనంలో గీస్తారు. "వనితక్కా, బావకు ఎట్లున్నది?" అంది. గట్లనే ఉన్నదన్నాను. "అక్కా, ఏమనుకోకు, నీ బాధల నువ్వున్నవ్. మా ఆయనకు గూడ మూడొద్దుల సంది జరం. నువ్వు చెప్పినట్టే బొప్పాయి ఆకు పోస్తున్న. తగ్గుతలేదు" అంది. నువ్వు చెప్పినట్టే!  "మచ్చలున్నయా?" అంటే, "చేతుల మీద ఎర్రెర్రగ ఉన్నయి" అంది. గొంతు తగ్గించి, "గంగమ్మా, నడుము సూడు. మోకు తాకెకాడ" అన్నాను. "గక్కడేముంటది అక్కా, మోకు పుండే ఉంటది గద" అంది. అవే మాటలు, నా మాటలు, నా గొంతులోంచి తీసుకెళ్ళి ఆమె గొంతులో పెట్టినట్టే ఉన్నాయి. "గదే సూడు. ఇప్పుడే పోయి సూడు. ఫోను పెట్టకు" అన్నాను. చెప్పుల చప్పుడు వినిపించింది, మంచం కిర్రుమంది, "ఏందే నీ లొల్లి, పండనీయవా" అని భూమన్న విసుక్కోవడం వినిపించింది.  

"ఉన్నదక్కా," అంది గంగమ్మ. "కర్రెగ. బీడీ చురక పెట్టినట్టు."

అప్పుడు చెప్పాలి కదా. చెప్పకుండా, ఊరికే, జగిత్యాల తీసుకురా అని కూడా అనొచ్చు. పెద్ద ఆశా వర్కరు చెప్పిందని తెస్తుంది. కానీ తేదు, నాకు తెలుసు, మోకు పుండుకు జగిత్యాల దాకా ఎవరు పోతారు, రేపు చూద్దాం అంటుంది, ఎల్లుండి అంటుంది, నేనైతే అట్లాగే అనేదాన్ని. చెప్పాను. "మా ఆయనకు గూడ గదే. ఒక్క పిడుదు కుట్టిన పుండు. ఎనిమిది రోజులు నూనె రాసిన. డాక్టరమ్మ అడిగితె పుండు లేదన్న. నేనే అన్న."  "నువ్వే?" అంది గంగమ్మ. "నేనే. నువ్వు గట్ల చెయ్యకు, కారు మాట్లాడుకొని ఎల్లు." "రేపు పొద్దుగాల మొదటి బస్సుకు వస్తం అక్కా," అంది. "రేపంటె వచ్చి నీ దవడ పలగ్గొడ్త. ఇప్పుడే ఎల్లు!" అని అరిచాను. వార్డంతా నా వైపు తిరిగింది. తిరగనీ. "అంటుకుంటదా అక్కా, పిల్లలు..." అంది. అంటదు, మనిషి నుంచి మనిషికి రాదు, పిడుదు పట్టుకుంటేనే వస్తుంది అని చెప్పాను.  ఫోను పెట్టేశాక ఛాతీ మీదినుంచి ఏదో ఒక బరువు దిగింది. పరువేనేమో, దిగితే దిగింది.

నిన్న సాయంత్రం కూడా ఇట్లాగే వెలుతురు ఈ మంచం మీద పడింది. డాక్టరమ్మ ఆ వెలుతురులో ఆయన అరచేతులు తిప్పి చూసింది. అరచేతుల్లోనూ మచ్చలు. దుప్పటి తీసి పాదాలు చూసింది. ముప్పై ఏళ్ళు చెట్టును పట్టిన పాదాలు, చెప్పు అట్టలా ఉంటాయి, వాటి మీద ఏం కనిపిస్తుంది. అయినా వంగి, మొహం దగ్గర పెట్టి, పాదం నడుమ మెత్తగా ఉండే ఆ కొంచెం చోటులో వెతికి పట్టుకుంది, అక్కడా ఉన్నాయి. ఆమె సిరిసిల్ల మగ్గాల ఇంటి బిడ్డ. వాళ్ళ నాయన బట్టను వెలుతురుకు పట్టి తెగిన పోగును ఇట్లాగే వెతికేవాడేమో. తర్వాత ఆయన్ను పక్కకు తిప్పించింది. "ఇదేందమ్మా?" అంది. "అది మోకు పుండు మేడం, తాళ్ళెక్కెటోళ్ళకు ఉంటది" అన్నాను, ఆమెకు తెలియనిది నాకు తెలుసన్నట్టు. ఆమె నన్ను తిట్టలేదు. "మోకు పుండు మానేటప్పుడు ఎట్లుంటది?" అని అడిగింది. "ఎర్రగైతది, నీరు గారుతది, పచ్చగ పక్కు గడ్తది." "నల్లగైతదా?" నోరు తెరిచాను. ఇరవై మూడేళ్ళ పుండ్లన్నీ నా వేళ్ళకు గుర్తున్నాయి. ఒక్కటీ నల్లబడలేదు. ఆ నల్లదానికే నేను ఎనిమిది రోజులు నా వేళ్ళతో నూనె రాశాను. కళ్ళతో చూశాను, చూశాను కానీ చూడలేదు. "కాదు మేడం" అన్నాను. నెత్తురు తీసి పరీక్షకు పంపారు. "రిపోర్టు అచ్చెదాంక మనం ఆగుతం గని మనిషి ఆగడు" అని అప్పుడే మందు మొదలుపెట్టించింది. ఆ మందు పేరు విని నేను మళ్ళీ అడిగాను, డాక్సీనా మేడం, ఆ మామూలు డాక్సీయా? అవునంది. ఊళ్ళో మా సబ్‌సెంటర్‌లో నేను కూర్చునే కుర్చీ వెనక అలమారలో ఒక డబ్బా నిండా ఉంది ఆ మందు. ఎనిమిది రోజులు నా వీపు వెనకే ఉంది. ఎక్కడో అమెరికాలోనో ఆకాశంలోనో ఉంటుందనుకున్న ప్రాణం అట్లా దుమ్ము పట్టిన డబ్బాలో కూర్చొని ఉంటుందని ఎవరనుకుంటారు.

మరి పిడుదు నడుముకెట్లా వచ్చింది అంటే, రాత్రి అంతా ఆలోచిస్తే దొరికింది. మోతి. మా కుక్క. పొద్దున ఆయన వెంట వనానికి పోతుంది. మధ్యాహ్నం ఈయనా భూమన్నా మోకులు విప్పి గడ్డిలో పడేసి అన్నం తింటుంటే, మోతి ఆ మోకుల చుట్టలో ముడుచుకొని పడుకుంటుంది, ఎన్నిసార్లు చూశానో, ముద్దుగా కూడా అనిపించేది. నార పేనిన సందుల్లో ఎన్ని దూరాయో. అదే మోకును తీసి ఈయన నడుముకు కట్టుకుంటాడు. ఇంటికొచ్చాక మోకును ఎవరూ ముట్టరు. ఆడది మోకు ముట్టొద్దు, దాటొద్దు, ముట్టితే చెట్టు మీద మనిషికి పట్టు తప్పుతుంది అని అత్త మొదటి రోజే చెప్పింది. ఇరవై మూడేళ్ళు దాన్ని నేను ముట్టలేదు. ముట్టనిస్తే ఎండలో వేసేదాన్ని, దులిపేదాన్ని అని రాత్రి అత్త మీద పళ్ళు నూరాను. దులిపేదాన్నా? అబద్ధం ఎందుకు, దులిపేదాన్ని కాదు, ఇంకో పని ఎందుకని వదిలేసేదాన్ని. పొద్దున అత్తే ఫోను చేసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, జన్మలో నియమం తప్పనిది. "వనితా, మోకును ఉడుకు నీళ్ళల్ల ఏసి ఎండల పరిసిన. నేనే ముట్టిన. కాటమయ్య దేవుడు తిట్టితె నన్ను తిట్టనీ బిడ్డా, నా కొడుకు దిక్కు సూడనీ" అంది. నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదటిసారి. మోతికి అన్నం పెట్టావా అని అడిగాను.

నాలుగూ నలభై. ఆ చేతి మీది మచ్చలు ఎంతసేపు చూసినా తనివి తీరడం లేదు, ఈ మాట ఎవరైనా వింటే పిచ్చి పట్టిందంటారు. జ్వరం పురుగు నెత్తురు పారే నాళాల గోడల్లో కాపురం పెడుతుందట, గోడలు పలుచబడి నెత్తురు బయటికి ఊరుతుందట, ఆ ఊటే ఈ మచ్చ. కొత్త లొట్టి చెమర్చినట్టు. అంటే ఇప్పుడు నేను ఈయన లోపలి గోడలు చూస్తున్నాను. ఇరవై మూడేళ్ళు పక్కన పడుకొని చూడనిది. ఆ పురుగు పిడుదునేమీ పెద్దగా బాధపెట్టదట. తల్లి పిడుదు ఒక్కసారికి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుందట, ఆ గుడ్లలోకి కూడా పురుగు దిగుతుందట, పిల్ల పుట్టకముందే అందులో ఉంటుందట. తల్లి నుంచి పిల్లకు, ఆ పిల్ల నుంచి దాని పిల్లకు. ఎప్పటి నుంచి? బీర్పూర్ లేనప్పటి నుంచి, మోకు పేనడం ఎవరికీ తెలియనప్పటి నుంచి. మనిషితో దానికి పనే లేదట, కుక్క, ఎలుక, అడవిలో ఏదో ఒకటి చాలట, మనం దారి తప్పి దానికి తగులుతామట. అంత పాత సంసారం ఒకటి మా వనం గడ్డిలో రోజూ నడుస్తుంటే మేము పక్కనే కూర్చొని కల్లు అమ్ముకున్నాం, గొడవలు పడ్డాం, ఓట్ల గురించి మాట్లాడుకున్నాం. దానికి మేమెవరమో తెలియదు. నా గంగారాం ఎవరో దానికి తెలియదు. కోపం వచ్చింది నాకు, ఇంత మనిషిని, అంత ఎత్తున చేతులు వదిలి కూర్చునే మనిషిని, పేరైనా అడక్కుండా పడగొట్టేస్తుందా అని. కోపం వచ్చి, మళ్ళీ పోయింది. దేని మీద నిలబెట్టుకోను దాన్ని, నువ్వు గింజంత కూడా లేని దాని మీద.

నాలుగూ యాభై ఐదు. డ్రైవరు చాయ్ గ్లాసు ఇచ్చేసి వచ్చి సీట్లో కూర్చున్నాడు, తలుపు వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడు. ఎవరైనా ఫోను చేశారా. తలుపు తీయరా నాయనా, నీకు పుణ్యముంటుంది, ఇంకో చాయ్ తాగు, నేను తాగిస్తా. నర్సు కృపారాణి ఆ చివరి మంచం దగ్గర మొదలుపెట్టింది. ఒక్కో మంచం దగ్గర ఆగుతుంది, రాస్తుంది, కదులుతుంది. మూడో మంచం. ముసలాయన. గంగారాం, పైన ఉన్నావా, కింద ఉన్నావా, మట్టలు పట్టుకొని ఉన్నావా, దిగు, ఎండ తగ్గింది, అన్నం తెచ్చాను, ఈసారి పేరు పెట్టే పిలుస్తా, సిగ్గేం లేదు, దిగు. ఆమె ఆయన చెయ్యెత్తి థర్మామీటరు పెట్టింది. నేను గడియారం వైపు తిరిగి నిలబడ్డాను. ఒక నిమిషం ఎంత పొడుగో గడ్డి కొసన నిలబడ్డ దానికే తెలియాలి.

"నూరు పాయింట్ నాలుగు," అంది కృపారాణి.

"ఇంకోపారి పెట్టు చెల్లె," అన్నాను. ఆమె నవ్వి మళ్ళీ పెట్టింది. నూరు పాయింట్ రెండు. అప్పుడు ముట్టాను ఆయన నుదురు. చెమట. చెమటతో తడిసి ఉంది, చల్లగా, చెట్టు దిగొచ్చినప్పుడు ఉండేట్టే. నా చెయ్యి తడిసింది, తుడుచుకోబుద్ధి కాలేదు. కృపారాణి కిటికీ దగ్గరికి పోయి కిందికి చెయ్యి ఊపింది, వద్దు వద్దు అని. బండి అక్కడే ఉంది, డ్రైవరు దిగి ఎటో పోయాడు.

"వనితా," అన్నాడు ఆయన. కళ్ళు తెరవలేదు. చెల్లె అనలేదు. "దూపైతుంది."

చెంచాతో నీళ్ళు పోశాను, చాలదని గ్లాసే పట్టుకున్నాడు, సగం ఛాతీ మీద పోసుకున్నాడు. కొంచెం కొంచెం అని నర్సు అంటూనే ఉంది. తాగి కళ్ళు తెరిచి పైన ఫ్యాను వైపు, తర్వాత నా వైపు చూశాడు. "ఏమైంది నాకు?" అన్నాడు. పిడుదు కుట్టిందని చెప్పాను.  "పిడుదా," అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది తాళ్ళెక్కుతున్న, ఒక్కనాడు కింద పడలే. గడ్డి మీదికెల్లి పడ్డనా."  ఆగితే మళ్ళీ చెప్పలేనని, అప్పుడే, ఆ మాట మీదే చెప్పేశాను. "డాక్టరమ్మ పుండున్నదా అని అడిగింది. నేను లేదన్న. మోకు పుండు గద అని లేదన్న." ఆయన ఆలోచించాడు. ఆయన ఎప్పుడూ అంతే, కల్లు కుండ కిందికి దించినట్టు నెమ్మదిగా దించుతాడు మాట. "నన్నడిగినా గదే అందును" అన్నాడు. మళ్ళీ నీళ్ళడిగాడు.

ఐదూ పన్నెండుకు మెట్ల మీద గంగమ్మ గొంతు వినిపించింది, ఎవరితోనో వార్డు ఎటు అని పోట్లాడుతూ. వెనకనే భూమన్న. మొహం వాచి, కళ్ళు ఎర్రబడి, తల పట్టుకొని, కానీ తన కాళ్ళ మీద తాను నడిచొచ్చాడు. నడిచొచ్చాడు! నేను లేచి నిలబడ్డాను. వాళ్ళ వెనకే డాక్టర్ ఉమారాణి వచ్చింది, "ఎవ్వలకమ్మా జరం?" అంటూ. భూమన్న నలుగురిలో నిలబడి సిగ్గుపడ్డాడు, "ఏం లేదు మేడం, ఉత్త మోకు పుండు, వీళ్ళే లొల్లి జేస్తున్నరు" అని గోడకు నడుము ఆనించుకున్నాడు. గంగమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే మంచం మీదినుంచి ఆయన, పూర్తిగా లేవలేక, ఒక మోచేతి మీద లేచాడు.

"భూమన్నా," అన్నాడు. "అంగి ఎత్తు. సూడనీ."

భూమన్న గోడ నుంచి జరిగి అంగి ఎత్తాడు.